నాలుగు మూలల పసుపు

శంకరప్ప నెలనెలా సున్నా రాసేవాడు. ఒక ఏడు కాదు, రెండేళ్ళు కాదు, ఏడేళ్ళు రాశాడు.

హిందూపురం ఊరి వెలుపల మల్బరీ తోటల నడుమ ప్రభుత్వంవారి పట్టు పరిశోధన కేంద్రం ఒకటి ఉండేది. నాలుగు పెంకుటి షెడ్లు, ఒక బావి, ఒక మైక్రోస్కోపు, పదహారుమంది పనివాళ్ళు. అక్కణ్ణుంచి ప్రతి నెలా పై ఆఫీసుకు ఒక కాగితం పోవాలి. అందులో రెండు గళ్ళుండేవి: పంచిన విత్తనం, అంటే పట్టుపురుగు గుడ్లు, ఎంత, లబ్ధి పొందిన రైతులు ఎందరు. శంకరప్ప తన పని తాలూకు కాగితంలో రెండు గళ్ళలోనూ సున్నాలు చుట్టి ఇచ్చేవాడు. ఆ గళ్ళు గీసిన మహానుభావుడెవరో గాని, జన్మలో పట్టుపురుగు మొహం చూసి ఉండడు. చూసి ఉంటే ఇంకా ఎన్నాళ్ళు పడుతుందని అడిగే గడి కూడా ఒకటి గీసేవాడు.

శంకరప్పది అగళి దగ్గర పల్లె. ఇంట్లో కన్నడం, బళ్ళో తెలుగు. నాయన పట్టుపురుగులు మేపేవాడు. వానల్లో పంట వచ్చేది, చలికాలంలో ఇంకా బాగా వచ్చేది, వేసవి వచ్చిందంటే మాత్రం గుండెలు అరచేతిలో పెట్టుకుని మేపాల్సిందే. శంకరప్పకు పన్నెండేళ్ళప్పుడు ఒక ఏప్రిల్‌లో, ఇంకో రెండు రోజుల్లో గూడు కట్టాల్సిన పురుగులు తట్టల్లోనే మెత్తబడి నల్లబడిపోయాయి. ఇల్లంతా కంపు. వాళ్ళమ్మ కుళ్ళాయమ్మ ఏడుస్తూ తట్టకు తట్ట ఎత్తి దిబ్బలో పారబోసింది. నాయన గడపలో నిలబడి అంతా చూశాడు. మరునాడు బెంగుళూరికి కూలికని పోయాడు. మళ్ళీ రాలేదు, కబురైనా రాలేదు.

ఆ పిల్లవాడే పెద్దవాడై, కిందామీదా పడి చదువుకుని, 1954లో ఈ కేంద్రంలో సహాయకుడిగా చేరాడు. చేరిన తొలి వేసవిలోనే ఒక పని మొదలుపెట్టాడు. ఎండాకాలం తక్కిన షెడ్లన్నిటికీ తడి గోనెపట్టలు కట్టి చల్లబరిచేవాళ్ళు. ఇతను మాత్రం పడమటి గదికి ఒక్క పట్టా కట్టనివ్వలేదు. కావాలని ఎండకు వదిలేశాడు. ఆ గదిలో వెయ్యి పురుగులు పెడితే పదకొండు బతికి గూడు కట్టాయి. ఆ పదకొండింటి పిల్లల్ని మేపాడు. మరుసటి వేసవి మళ్ళీ అదే గదిలో కాల్చాడు. చావగా మిగిలినవాటిని మళ్ళీ మేపాడు. పురుగు ఏడాదికి ఐదారు కాన్పులైనా ఈనుతుంది గాని, వేసవి ఏడాదికి ఒక్కసారే వస్తుంది కదా! దాన్ని తొందరపెట్టడం ఏ సర్కారు వల్లా కాదు. 1960 వేసవి నాటికి వెయ్యికి నాలుగు వందలు దక్కాయి. ఇంకో మూడు వేసవులు ఓపిక పడితే ఆ జాతి నిలబడుతుందని, అగళి పల్లెల్లో ఏ తల్లీ తట్టలు దిబ్బలో పారబోసే పని ఉండదని అతని నమ్మకం. పెళ్ళాం అమృతవల్లి ఆ గదిని నా సవతి ఇల్లు అనేది. అన్నా తప్పు లేదు, తన బిడ్డకు జ్వరమొస్తే కూడా అంతగా కూర్చోలేదతను.

ఆ ఏడు డిసెంబరులో సూపరింటెండెంటు లక్ష్మీనరసయ్య అతన్ని తన గదిలోకి పిలిచాడు. మనిషి చెడ్డవాడు కాదు. అనంతపురం మనిషి, రిటైరు కావడానికి రెండేళ్ళుంది, ఎవరినీ నొప్పించకుండా ఆ రెండేళ్ళు గడిస్తే చాలనుకునేవాడు.

"పైనుంచి కమిటీ వస్తాండాది శంకరప్పా. మార్చితో రెండో అయిదేండ్ల ప్రణాళిక అయిపోతాది. ఇన్నేండ్లు ఏం సాధించినారో జనానికి కనపడాల అంటాండారు. కనపడకపోతే కేంద్రం మూసేస్తారంట."

"ఇంకో మూడు వేసవులు ఓర్చుకోమనండి సార్. ఇప్పుడు బయట పెడితే నిలబడదు."

"మూడేండ్లకు నేను రిటైరైపోతా, నువ్వు ఉంటావు. ఈ షెడ్లు ఉండవు." లక్ష్మీనరసయ్య ఒక కాగితం ముందుకు తోశాడు. "జనవరి ఆఖర్లో పెనుకొండలో సభ. నూరుమంది రైతులకు మన వేసవి జాతి గుడ్లు పంచాల. నేను ఒప్పుకున్నా."

శంకరప్ప కాగితంలో తేదీ చూశాడు. "జనవరిలోనా సార్? ఆ చలికి ఏ పురుగైనా గూడు కడతాది. మనది వేసవికి తట్టుకుంటాదని యాడ తెలుస్తాది?"

"అందుకే జనవరి అన్నా," అన్నాడు లక్ష్మీనరసయ్య తలెత్తకుండా.

లెక్క చూస్తే, గుడ్లు పెట్టించే అట్టలు శంకరప్ప జాతివి పద్నాలుగే తయారవుతాయి. ఇచ్చిన మాట నూరు. తక్కినవి మామూలు జాతివి కలపాలన్నాడు సూపరింటెండెంటు. అన్నీ మామూలువే ఇచ్చుకోండి సార్, నా జోలికి రావద్దండి అని శంకరప్ప చేతులు జోడించాడు. "అన్నీ మామూలువే ఇస్తే పచ్చి మోసం కాదాప్పా? నీవి తొమ్మిది కలుపు. అప్పుడు పూర్తిగా అబద్ధం కాదు గదా. ఐదు నువ్వు ఉంచుకో, నీ జాతి నీకుంటాది," అని ఆయన నచ్చజెప్పాడు. ఒప్పుకోకపోతే పదహారుమంది నోట్లో మట్టి. పడమటి గదిలో పురుగులు కూడా దిబ్బకే. శంకరప్ప రెండు రోజులు అన్నం సహించక తిరిగి, మూడోరోజు సరేనన్నాడు. ఆ సరే అన్న నోటిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నాడో దేవుడికే తెలియాలి.

సభలో చూపించడానికి ఒక చీర కూడా కావాలన్నారు. పట్టునూలు మూట చంకన పెట్టుకుని శంకరప్ప రైలెక్కి ధర్మవరం పోయాడు. అక్కడ మగ్గం ముందు గుంతలో కూర్చున్న పాండురంగ పోగును రెండు వేళ్ళ మధ్య నలిపి నవ్వాడు.

"ఇది ఎప్పుడూ వచ్చే పట్టే గదప్పా. దీనికి వేసవి పట్టని పేరు పెట్టినారా?"

శంకరప్ప మొహం చిన్నబోయింది. జేబులోంచి కాగితంలో చుట్టిన చిన్న దారం చిలప ఒకటి తీశాడు. విత్తనానికి పోగా మిగిలిన గూళ్ళ నుంచి తీయించిన నూలు, చారెడు కూడా లేదు. "ఇది నిజమైందన్నా. యాడన్నా ఒక గీతలో వెయ్యి."

"అంచులో ఒక సన్న గీత వస్తాది, అంతే. ఎవురికి కనపడుతుంది?"

"నాకు తెలుస్తాది లే."

సభకు వారం ముందు గుడ్లు పెట్టించారు. మామూలుగానైతే ప్రతి అట్ట మీదా గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకల నంబర్లు ఉండాలి. నంబర్లు వద్దన్నాడు సూపరింటెండెంటు. నంబరుంటే కమిటీవాళ్ళు రిజిస్టరు అడుగుతారు, రిజిస్టరు తీస్తే ఏది ఏ జాతో బయటపడుతుంది. అన్నిటిమీదా ఒకటే ముద్ర: హిందూపురం వేసవి జాతి. మరి తన తొమ్మిది అట్టలు ఎవరింటికి పోతున్నాయో శంకరప్పకు తెలిసేదెట్లా? తెలిస్తేనే కదా తర్వాత ఆ ఇళ్ళకు పోయి, మళ్ళీ సీతాకోకలు వచ్చి గుడ్లు పెట్టేందుకు గూళ్ళు అడిగి తెచ్చుకునేది. సిరా పెడితే దొరికిపోతాడు, పెన్సిలు పెట్టినా అంతే.

తట్టలకు ఆకు వేసే నల్లమ్మ ఉపాయం చెప్పింది. ఆమె పడమటి గదిలో ఏడేళ్ళుగా అతనితోపాటు ఉడికిన మనిషి.

"వెనక మూలన రవ్వంత పసుపు అద్దు నాయనా. ఎవురన్నా చూసినా మనోళ్ళు శుభానికి పెట్టినారులే అనుకుంటారు. పసుపును ఎవురు అనుమానిస్తారు?"

భేషుగ్గా ఉందనుకున్నాడు శంకరప్ప. వేలికొసతో తొమ్మిది అట్టల వెనక ఒక్కో మూలన పసుపు అద్దాడు. తన ఐదూ విడిగా తీసి పడమటి గదిలో దాచాడు.

బయలుదేరే ముందురోజు తల్లుల పరీక్ష. గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకల్ని ఒక్కొక్కదాన్నే నూరి, ఆ చుక్కను మైక్రోస్కోపు కింద చూడాలి. తల్లికి రోగం ఉంటే గుడ్డుకూ ఉంటుంది, అలాంటి అట్టను కాల్చేయాలి. హడావిడిలో ఉన్నాం, ఈసారికి వదిలెయ్యి అని ఎవరైనా అని ఉంటే వదిలేసేవాడేమో! ఎవరూ అనలేదు. అలవాటు కొద్దీ కూర్చుని అన్నీ చూశాడు. మామూలు జాతి అట్టలు ఐదింట్లో రోగం కనపడింది. తన చేత్తోనే వాటిని పొయ్యిలో వేశాడు.

అంటే తొంభై ఐదు. లక్ష్మీనరసయ్య వచ్చి లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, పడమటి గది వైపు చూశాడు.

"వద్దు సార్. అవి నా తల్లి విత్తనం. అవి పోతే ఇంగ ఈడ ఏమీ లేదు."

"నూరుమందికి పిలుపులు పోయినాయప్పా. పేర్లు అచ్చేసినారు. ఐదుమందిని వట్టిచేతులతో పంపిస్తే కమిటీ ముందర నా బతుకేం కావాల?"

"మళ్ళా గుడ్లు పెట్టించేదానికి కూడా తల్లులు లేవు సార్."

"రైతుల కాడ నుంచి తెచ్చుకుందాం. పద్నాలుగిండ్లు ఉంటాయి గదా! తొమ్మిదికి బదులు పద్నాలుగు అనుకో. నీకే మేలు."

శంకరప్ప ఏడ్చాడు. ముప్పై ఏళ్ళు దాటిన మొగవాడు, ఆఫీసు వరండాలో గోడకు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడ్చాక లేచి, ఆ ఐదింటి మూలల్లో కూడా పసుపు అద్ది కట్టలో చేర్చాడు.

పెనుకొండలో పందిరి, మైకు, కుర్చీలు. శంకరప్ప చేతిలో ఒక చిన్న పుస్తకం, పెన్సిలు. వేదిక పక్కనే నిలబడి, పసుపు అట్ట ఎవరి చేతికి పోతే వారి పేరు, ఊరు రాసుకోవాలి. పద్నాలుగు పేర్లు, అంతే అతని పని. ధర్మవరం చీరను ఇద్దరు పట్టుకుని ఇటూ అటూ చూపించారు, చప్పట్లు మోగాయి. పంపకం మొదలైంది. మొదటి రైతు అట్ట అందుకుని తిప్పిచూసుకున్నాడు. పసుపుంది. శంకరప్ప పేరు రాసుకున్నాడు. రెండో అట్టకూ పసుపుంది. రాసుకున్నాడు. మూడోదానికీ ఉంది. నాలుగోదానికీ ఉంది. అతను రాయడం ఆపేశాడు.

వేదిక వెనక్కి పరుగెత్తాడు. అక్కడ మహిళా సంఘం యశోదమ్మ పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. ఆఖరి అట్టలు నాలుగు ఒళ్ళో ఉన్నాయి. శుభలేఖకు పెట్టినట్టు ఒక్కోదానికి నాలుగు మూలలా నిండుగా పసుపు రాసి, నడుమ కుంకుమ బొట్టు పెడుతోంది.

"అమ్మా! ఏం చేస్తాండావమ్మా!"

"రైతు చేతికి పోయే విత్తనం గదప్పా, బోసిగా పంపిస్తారా ఎవరన్నా?" ఆమె నవ్వింది. "కొన్నిటికి ఒక మూలన ఊరికే రవ్వంత అంటించినారు మీవాళ్ళు. మగోళ్ళ పని అంతే! నేను అన్నిటికీ సరిగ్గా పెట్టినా."

ఆమెను తిట్టడానికి ఆమె చేసిన తప్పేముంది? నంబరు వేసి ఉంటే పసుపు ఏం చేసేది? అబద్ధాన్ని కాపాడటానికి తను ఎంచుకున్న గుర్తు అది. మైకులో లక్ష్మీనరసయ్య గొంతు వినిపిస్తోంది: ఈ విత్తనం మా కేంద్రంలో కావలసినంత ఉంది, ఎప్పుడు కావాలన్నా రండి, వేసవిలో ఇక మీ ఇళ్ళలో పంట పోదు. శంకరప్ప పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ చలికి నూరిళ్ళలోనూ పంట విరగపండింది. ఎందుకు పండదు? ఫోటోలు తీశారు, నివేదిక అచ్చువేశారు. కేంద్రం మూతపడలేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు. పైనుంచి ఉత్తరువు వచ్చింది: పరిశోధన విజయవంతంగా ముగిసినది, ఇక విత్తనోత్పత్తి మాత్రమే జరగవలెను. పడమటి గదికి కూడా తడి గోనెపట్టలు కట్టారు. నల్లమ్మ ఆ రోజు అన్నం మూట విప్పలేదు.

శంకరప్ప సూపరింటెండెంటు దగ్గరికి పోయాడు. నూరిళ్ళ నుంచీ తలా పది గూళ్ళు తెప్పిద్దాం సార్, నూరు చిన్న తట్టలు ఇప్పించండి, ఏప్రిల్‌లో గోనెపట్టలు తీసేసి మేపితే నా జాతి ఏదో తేలిపోతుంది అన్నాడు.

"పరీక్ష చెయ్యాలని నేను పైకి రాస్తే, మరి సభలో పంచింది ఏమని అడగరా?" అన్నాడు లక్ష్మీనరసయ్య. "తేలిందని రాసినాక మళ్ళా తేల్చకూడదు శంకరప్పా."

సెలవు పెట్టి తనే తిరిగాడు. ధర మంచిగా ఉందని చాలామంది గూళ్ళన్నీ అప్పుడే అమ్మేశారు. కొందరు తమ పాత విత్తనంతో కలిపేశారు. ఏడిళ్ళలో దొరికిన గూళ్ళు తెచ్చి, వాటి పిల్లల్ని తన ఇంట్లో మేపాడు. అమృతవల్లి పిల్లను తీసుకుని వరండాలో పడుకుంది. ఏప్రిల్ మూడోవారానికి ఏడు తట్టలూ నల్లబడ్డాయి.

ఇక మిగిలింది ఒకటే దారి, తలచుకుంటేనే అసహ్యం వేసే దారి. చలి పంట గూళ్ళ నుంచి తామే గుడ్లు పెట్టించుకుని వేసవిలో మేపుతున్న ఇళ్ళలో ఎవరి పంట చస్తుందో, ఎవరిది బతుకుతుందో చూడాలి. ఊళ్ళు పట్టుకుని తిరుగుతూ, ఈ ఇంట్లో పోయిందా, అయితే ఇది కాదు అని పేరు కొట్టేసుకోవాలి. నాయన నిలబడ్డట్టే గడపల్లో నిలబడ్డ మొగవాళ్ళను చూస్తూ కొట్టేసుకున్నాడు. గంగాధర అనే రైతు ఏకంగా ఆఫీసుకే వచ్చి, చచ్చిన పురుగుల గంప మెట్ల మీద కుమ్మరించాడు.

"వేసవి పురుగని చెప్తిరి గదప్పా! నమ్మి ఇంటిల్లిపాదీ రేయింబగళ్ళు ఆకు కోసినాం. దుడ్లు పోతే పోనీ, నా పెండ్లాం మూడు దినాల నుంచి లేవలేదు. ఏం చెప్పల్ల దానికి?"

శంకరప్ప వంగి ఆ పురుగుల్ని చేత్తో ఎత్తసాగాడు. గంగాధర కాసేపు చూసి, నీకేం పుట్టిందప్పా అని విసుక్కుని, గంప అక్కడే వదిలేసి పోయాడు.

మే మొదట్లో నల్లమ్మ ఒగరుస్తూ వచ్చింది. "అగళి పక్క వెంకటక్క అని ముసలామె ఉండాదంట నాయనా. పక్క ఇండ్లన్నీ పోయినాయంట. ఆమెది మాత్రం తట్టలు నిండా గూళ్ళంట!"

బస్సు దొరికినంత దూరం బస్సులో, తక్కింది ఎండలో నడిచీ పరుగెత్తీ పోయాడు. తోవ పొడవునా ఎన్ని గూళ్ళు అడగాలో లెక్క వేసుకున్నాడు. యాభై చాలు. ఇరవై ఇచ్చినా చాలు. పది దొరికినా మళ్ళీ మొదలుపెట్టొచ్చు, పదకొండుతోనే కదా మొదలైంది.

వీధి మలుపులోనే వాసన తగిలింది. ఉడికిన పట్టుగూళ్ళ వాసన ఆ పల్లెల్లో పుట్టి పెరిగినవాడికి కొత్త కాదు.

వెంకటక్క పెరట్లో పొయ్యి మీద పెద్ద బాన సలసల కాగుతోంది. అందులో గూళ్ళు తేలుతున్నాయి. చరకా మీద నూలు తిరుగుతోంది. ముసలామె అతన్ని చూసి గబగబా లేచింది.

"రా నాయనా, రా! నిన్ను పెనుకొండలో చూసినా. నీ కడుపు చల్లగుండ, ఊరంతా పోయినా నాది నిలబడె. ముప్పై ఏండ్లలో వేసవి పంట చూసిందే లేదు నేను."

"అవ్వా, విత్తనానికి ఏమన్నా తీసి పెట్టినావా?"

"లేదు నాయనా, అన్నీ వేసేస్తి. ఈ బానతో సరి."

శంకరప్ప బానలో చెయ్యి పెట్టేశాడు. ముసలామె కెవ్వుమని అతని చెయ్యి లాగింది. గుప్పిట్లో నాలుగు గూళ్ళు వచ్చాయి. ఒకటి చించి చూశాడు. లోపల పురుగు ఉడికి గట్టిపడి ఉంది.

"ఎందుకవ్వా... నాలుగైనా ఉంచుకోకూడదా?"

"నేనెందుకు ఉంచుకోవాల?" ఆమె అతని బొబ్బల చేతిమీద చన్నీళ్ళు పోస్తూ అమాయకంగా అడిగింది. "మీ ఆపీసులో కావలసినంత ఉండాదని మైకులో చెప్తిరి గదా! మళ్ళా వేసవికి వచ్చి అడుగుదామనుకుంటి. ఇస్తావు గదా నాయనా?"

శంకరప్ప తలూపాడు. ఆమె పెట్టిన రాగి అంబలి తాగాడు. వచ్చిన దారినే నడిచి పోయాడు.

ఆ నెల కాగితం ఎడమచేత్తో రాశాడు. పంచిన విత్తనం గడిలో ఎప్పటిలాగే సున్నా చుట్టాడు. లబ్ధి పొందిన రైతులు అన్న గడిలో, ఏడేళ్ళలో మొదటిసారి, వంకరగా ఒకటి వేశాడు. అదొక్కటే ఆ కేంద్రంలో రాసిన నిజమైన అంకె.

లక్ష్మీనరసయ్య దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత సంతకం పెట్టేముందు, ఆ ఒకటి పక్కన రెండు సున్నాలు చేర్చాడు.